వాల్తేరులో దిగినవాడు

దెయ్యం వార్త ఏదైనా వస్తే మా విజయనగరం పేపరు ఆఫీసులో అందరూ నా వైపే చూసేవారు. వెళ్ళి సంగతి తేల్చుకుని రావడం నా పని. గజపతినగరం దగ్గర ఒక ఇంటి మీద రాళ్ళు పడుతున్నాయన్నారు. వెళ్ళి చూస్తే, గోడ తగువున్న పక్కింటివాళ్ళ డాబా మీద అలాంటి రాళ్ళే కుప్పగా ఉన్నాయి. శ్రీకాకుళంలో ఒక అద్దె ఇంట్లో ఎవరో మూలుగుతున్నారన్నారు. నీళ్ళ గొట్టంలో గాలి చేరి చేస్తున్న చప్పుడు అది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నాకు తేలని దెయ్యం ఒక్కటీ ఎదురుకాలేదు.

ఇంట్లో కూడా ఆ భయం నేర్పలేదు. మాది బాప్టిస్టు కుటుంబం. తాతల నాటి నుంచీ మిషన్ చర్చికి వెళ్ళేవాళ్ళం. చీకట్లో బయటికి వెళ్ళనని మారాం చేస్తే మా అమ్మ, "దేవుడున్న ఇంటి సుట్టూ ఇంకోటి తిరుగుతాదేటి? ఎల్లు" అని తోసేది. అలా పెరిగిన నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇది రాస్తున్న ఇప్పుడు కూడా లేదు.

కాబట్టి మిమ్మల్ని నమ్మించడానికి రాయడం లేదు. సిగ్గుతో రాస్తున్నాను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా ఎందుకు ఊరుకున్నానో చివర మీకే తెలుస్తుంది.

మా అక్కయ్య పేరు దయామణి. నాకంటే చాలా పెద్దది. అమ్మ పొలం పనికి వెళ్తే నన్ను చంకనేసుకుని పెంచింది. గజపతినగరంలో ఒక పిల్లల హాస్టల్లో వంట చేసి రిటైరైంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. చర్చి వెనక వీధిలో రెండు గదుల ఇంట్లో, పది కోళ్ళతో, ఒక్కర్తే ఉండేది. నేను విజయనగరంలో, అంటే బస్సెక్కితే ఎంతో దూరం కాదు. అయినా పండక్కీ పబ్బానికీ తప్ప వెళ్ళేవాణ్ణి కాదు.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. మా వైపు అక్కని "అప్ప" అంటారు. చిన్నప్పుడు నేనూ అప్పా అనే పిలిచేవాణ్ణి. పేపర్లో చేరిన కొత్తలో ఒక వార్తలో, "మా అప్ప బావిలో పడిపోనాది" అని ఒక కుర్రాడు చెప్పినది చెప్పినట్టే రాశాను. పెద్దాయన ఒకరు ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేసి, "ఇది పేపరు నాయనా, మీ వీధరుగు కాదు" అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నా మీద బాగా పనిచేసింది. నెమ్మదిగా నా నోట్లోంచి మా ఊరి మాటలు ఒక్కొక్కటీ పోయాయి. ఒక ఆదివారం ఇంటికి వెళ్ళి "అక్కయ్యా" అని పిలిస్తే, ఎవరిని పిలుస్తున్నానో అని ఆమె వెనక్కి తిరిగి చూసింది. తర్వాత అలవాటు పడిపోయింది. ఆమె నాతో మా యాసలో మాట్లాడేది, నేను ఆమెతో పేపరు భాషలో. మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఏదో వార్త చదువుతున్నట్టే ఉండేది.

రిటైరైన కొన్నేళ్ళకి ఆమెకి ఆయాసం మొదలైంది. శ్రీకాకుళంలో చూపించాను. గుండెలో కవాటం పాడైందన్నారు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు ఆమెను బయట బెంచీ మీద కూర్చోమని, నన్నొక్కణ్ణే లోపలికి పిలిచారు. తలుపు వేశారు.

"ఆపరేషన్ చేస్తే బతుకుతుందని కాదు, చెయ్యకపోతే బతకదని" అన్నారు ఆయన. "ఈ వయసులో, ఈ గుండెతో, బల్ల మీదే పోవచ్చు కూడా. రాయవేలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆమెకి మాత్రం ముందే చెప్పండి. నిర్ణయం ఆమెది."

చెబుతానన్నాను. చెప్పలేదు. బయటికొచ్చి, "అంతా బాగానే ఉంటుందట అక్కయ్యా" అన్నాను. ఆ డాక్టరు అన్న మాట మా ఆవిడకి కూడా చెప్పలేదు. రేపు చెబుదాం, రైలెక్కాక చెబుదాం అనుకుంటూ వచ్చాను. ఊళ్ళో వాళ్ళ మరణాలన్నీ తడుముకోకుండా రాసినవాణ్ణి, మా అక్కకి ఒక్క వాక్యం చెప్పలేకపోయాను.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం అనుబంధానికి విశాఖపట్నం రైల్వే స్టేషన్ మీద వ్యాసం రాస్తానని ఒప్పుకున్నాను. నాకు ఇష్టమైన విషయం. మా పెద్దవాళ్ళు ఆ స్టేషన్ని విశాఖపట్నం అనేవారు కాదు, వాల్తేరు అనేవారు. బోర్డు మీద పేరు మారి ఎంతో కాలమైనా మా అక్కయ్య వాల్తేరనే అనేది. ఒకప్పుడు ఉత్తరాన్నుంచి వచ్చే ఒక కంపెనీ రైళ్ళకీ, దక్షిణాన్నుంచి వచ్చే ఇంకో కంపెనీ రైళ్ళకీ అదే సరిహద్దు. పలాస నుంచి విజయనగరం దాకా ఊరు విడిచి బతకబోయిన ప్రతివాడూ ఆ స్టేషన్లోంచే పోయాడు. గుజరాత్ పడవల మీదికి పోయే మత్స్యకారులూ, మద్రాసు, హైదరాబాదు కూలిపనులకి పోయేవాళ్ళూ, రోగుల్ని తీసుకుని రాయవేలూరు పోయే మాలాంటి వాళ్ళూ అందరూ.

ఆ స్టేషన్ది ఒక చిత్రం. పట్నం సముద్రం పక్కన ఉంది, అసలు దారి ఎడంగా పోతుంది. అందుకని మా వైపు నుంచి వచ్చే బండి స్టేషన్ లోపలిదాకా వచ్చి ఆగుతుంది. ఇంజన్ని ముందు నుంచి విప్పి వెనక తగిలిస్తారు. బండి వచ్చిన దారినే కొంత దూరం వెనక్కి పోయి, ఆ తర్వాత దక్షిణానికి మళ్ళుతుంది. ముందుకి మొహం పెట్టి కూర్చున్నవాడు వెనక్కి జారిపోతున్నట్టు ఉంటుంది. మొదటిసారి ఎక్కినవాళ్ళకి బండి మళ్ళీ తమ ఊరికే పోతోందనిపిస్తుంది. కంగారుపడి దిగిపోయినవాళ్ళ కథలు మా వైపు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. మా వాళ్ళకి ఊరు విడిచినట్టు అనిపించేది సొంత స్టేషన్లో రైలెక్కినప్పుడు కాదు. వాల్తేరులో బండి మొహం తిప్పినప్పుడు.

ఈ సంగతులన్నీ మనసులో రాసుకుంటూ, అక్కయ్యని తీసుకుని విజయనగరంలో రైలెక్కాను. పట్టపగలు. కిటికీ పక్కన ఆమె, ఆమె పక్కన నేను. ఎదురుగా ఒక ఒడియా కుర్రాడు చెవుల్లో తీగలు పెట్టుకుని ఫోను చూసుకుంటున్నాడు. నా ఫోను చార్జింగుకి పెట్టాను. అక్కయ్య మాత్రల షీటు నా చొక్కా జేబులో ఉంది.

"వాల్తేరులో బండి వెనక్కి వెళ్తున్నట్టు ఉంటుంది. కంగారు పడకు అక్కయ్యా" అని ముందే చెప్పాను.

"నువ్వున్నావు కదా. నాకేటి కంగారు" అంది.

సింహాచలం దాటాక, బండి నెమ్మదిస్తుంటే, ఆమె ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"ఒరే పెకాసం, డాట్రుబాబు ఆ రోజు నిన్నొక్కడ్నే లోపలికి పిలిసి ఏటి సెప్పినాడ్రా?"

"ఏం లేదు అక్కయ్యా. ఆపరేషన్ చేయించమన్నారు."

"అంతేనేటి?"

"అంతే."

ఆమె కిటికీ వైపు తిరిగింది. "ఏటవుతాదో తెలిస్తే నాకు బయముండదురా. తెలకపోతేనే బయమేస్తన్నాది. రాత్రుల్లు నిద్దర రాడం నేదు" అంది.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. నాకా సంగతి తెలుసు. అప్పుడే బండి స్టేషన్లో ఆగింది. "ఇక్కడ ఇంజన్ మారుస్తారు, వ్యాసం కోసం ఓసారి చూసి, టీ తెస్తాను" అని లేచిపోయాను. ఆమె ఇంకేదో అనబోతోంది. విననట్టు దిగిపోయాను.

ఇంజన్ దగ్గరికి వెళ్ళలేదు. అదే ప్లాట్‌ఫారానికి అటువైపు ఇంకో బండి ఆగి ఉంది. దాని ముందు సంచులూ, వలతాళ్ళూ వేసుకుని ఒక గుంపు నిలబడి ఉంది. సముద్రం మీద పనికి గుజరాత్ పోతున్న శ్రీకాకుళం వైపు మనుషులు. వాళ్ళలో కొత్తగా పెళ్ళైన పిల్ల ఒకతె మొగుడి చెయ్యి పట్టుకు లాగుతోంది.

"ఓలమ్మా, ఇంజినెట్టుకెలిపోనారు! ఎనకాల తగిలించేస్తన్నారు. మావా, మల్లీ మనూరే తీసుకెలిపోతన్నారేటి?"

"తీసుకెలితే మంచిదే కదేటే. మీయమ్మ పులుసొండుకుని కూకునుంటాది" అన్నాడు మొగుడు.

పక్కనున్న పెద్దాయన నవ్వాడు. "దాన్ని ఆడించకురా. మొదటిసారి నువ్వు బండి దిగీసి సికాకోలు దారి పట్టినావు. నానెల్లి లాక్కొచ్చినాను. మర్సిపోనావేటి?"

"అప్పుడు గుంటడ్ని మావా!"

"గుంటడివా! మీసాలెట్టుకుని ఏడిసినావు."

అందరూ విరగబడి నవ్వారు. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. నన్నెవరూ ఏమీ అడగని చోటు అది. నేను జోక్యం చేసుకున్నాను.

"కంగారు పడకమ్మా. ఈ స్టేషన్ అమరికే అలాంటిది" అని మొదలుపెట్టాను. వాల్తేరు పేరూ, పాత కంపెనీలూ, సముద్రమూ, అసలు దారీ అన్నీ చెప్పాను. వాళ్ళు మర్యాదగా విన్నారు. "బావు పంతులుగారల్లే ఉన్నారు. సెప్పనీండి" అన్నాడు పెద్దాయన. ఆ మాటతో ఇంకాస్త చెప్పాను.

నా వీపు వెనక ఒక బండి కదిలింది. తల తిప్పి చూశాను. పెట్టెలు మేము వచ్చిన దిక్కుకే, మా ఊరి దిక్కుకే జారిపోతున్నాయి. నాకు ఏ అనుమానమూ రాలేదు. పైగా చెయ్యి చాపి చూపించాను. "అదిగో, ఆ బండి నిజంగానే మన వైపు పోతోంది. మీదీ అలాగే బయలుదేరుతుంది కానీ, కొంత దూరం పోయి మళ్ళుతుంది."

ఒక కిటికీ నా ముందు నుంచి వెళ్ళింది. అందులో ఒకావిడ లోపలి వైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆమె పక్కన ఎవరిదో మోచెయ్యి కనబడింది. అచ్చం మా అక్కయ్యలా ఉందే అనుకున్నాను.

చివరి పెట్టె కూడా దాటాక ఆ కొత్త పెళ్ళికూతురు అడిగింది, "బావూ, మీరు ఏ బండికెల్తారు?"

అప్పుడు తెలిసింది.

ఎన్నిసార్లు ఆ స్టేషన్లోంచి పోయానో నాకే తెలియదు. పల్లెటూరివాళ్ళు చేస్తారని నేను నవ్వుతూ చెప్పుకునే తప్పు అది. దాని గురించి ఉపన్యాసం ఇస్తూ ఇస్తూ, గుండెజబ్బు మనిషిని బండిలో వదిలేసి నిలబడ్డాను. ఆ గుంపులో ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

పెద్దాయన తన ఫోనిచ్చి, "ముందు ఇంటోలకి సెయ్యండి బావూ" అన్నాడు. ఫోను బండిలోనే ఉంది కదా అని నా నంబరుకే చేశాను. అక్కయ్యకి ఆ ఫోను ఎత్తడం రాదు, ఎదుటి సీటు ఒడియా కుర్రాడైనా ఎత్తుతాడని ఆశ. మోగింది. ఎవరో ఎత్తారు. రైలు చప్పుడూ, వెనకాల ఎవరో ఆడమనిషి నవ్వూ వినిపించాయి. "హలో, హలో" అన్నాను. "రాంగ్ నంబరండి" అని ఒక మగ గొంతు నెమ్మదిగా చెప్పి పెట్టేసింది. మళ్ళీ చేస్తే కలవలేదు.

స్టేషన్లో ఒక అధికారి దగ్గరికి పరిగెత్తాను. మర్యాదస్తుడు. నా మాట పూర్తిగా విని, ఆ బండిలో టికెట్లు చూసే ఆయనకి ఫోన్ చేశారు. పెట్టె, సీట్లు చెప్పి కొంచెంసేపు ఆగారు. తర్వాత ఫోను చెవి నుంచి తీసి నా వైపు అదోలా చూశారు.

"ఇద్దరూ సీట్లలోనే ఉన్నారటండీ. పెద్దావిడా, తమ్ముడూ. ఆవిడకి మాత్ర వేయిస్తున్నాడట."

"తమ్ముణ్ణి నేనండీ" అన్నాను.

జేబులోంచి గుర్తింపు కార్డు తీసి ఇచ్చాను. జాబితాలో ఆ సీటుకి ఉన్న పేరూ, నా పేరూ ఒకటే. ఆయన రెండింటినీ పోల్చి చూసుకుని, కార్డు తిరిగి ఇస్తూ గొంతు తగ్గించి, "ఇంట్లో ఏదైనా గొడవాండీ?" అని అడిగారు. కార్డు జేబులో పెట్టుకున్నాను. నాకే ఏమీ తెలియదు.

వెనకనే ఒక వేగమైన బండి ఉందనీ, మధ్యలో మా బండి దానికి దారి ఇస్తుందనీ, రాజమండ్రిలో దిగితే అందుకోవచ్చనీ ఆయనే చెప్పారు. ఆ బండిలో తలుపు దగ్గర నిలబడి వెళ్ళాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఆ సీట్లో ఎవడో కూర్చున్నాడు. మంచివాడే, ముసలావిణ్ణి చూసుకుంటున్నాడు. టికెట్లు చూసే ఆయన సీటు నిండి ఉందని చూసి తమ్ముడనుకున్నాడు. రాళ్ళ ఇంటినీ, గొట్టంలో గాలినీ తేల్చినట్టే దీన్నీ తేల్చేశాను. జేబులో మాత్రల షీటు తగిలింది. తీసి చూశాను. మధ్యాహ్నం మాత్ర ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. పొద్దున నేనే తొందరలో రెండు తీసి ఉంటానేమో. తీసినట్టు గుర్తు లేదు.

రాజమండ్రిలో ఎండ పల్చబడుతుండగా మా బండి వచ్చింది. పెట్టెలోకి ఎక్కాను. నా సీటు ఖాళీగా ఉంది. అక్కయ్య కాళ్ళు చాపుకుని, హాయిగా కూర్చుని ఉంది. నన్ను చూసి చెయ్యి చాపింది.

"టీ ఏదిరా? ఇప్పుడే కదా టీ తెస్తానని లేసినావు. సేతులూపుకుంటూ వొచ్చీసినావేటి?"

నేను నా ఖాళీ చేతులు చూసుకున్నాను.

"దొరకనేదేటి? పోనీ, కూకో."

కూర్చున్నాను. ఆమె నా చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. మేము పెద్దవాళ్ళమయ్యాక ఎప్పుడూ అలా చెయ్యలేదు.

"నువ్వన్నీ సెప్పీసినాక గుండె తేలికయిపోనాదిరా. జబ్బు గుండే, అయినా తేలికయిపోనాది" అని తన మాటకి తనే నవ్వింది. "ఎన్నేల్లకిరా నన్ను మల్లీ అప్పా అని పిలిసినావు! ఆ మాట ఇని సగం రోగం పోనాది."

"నేనేం చెప్పాను?" అని అడిగాను.

"ఏటి సెప్పినావా? మల్లీ నా నోటంట ఇనాలనేటి? సాలు. ఒకసారి ఇన్నాను, సాలు."

"ఫోనేమైనా వచ్చిందా?"

"వొచ్చింది కదా. నువ్వే ఎత్తి రాంగ్ నంబరనీసి పెట్టీసినావు. మర్సిపోనావేటి?"

ఎదుటి కుర్రాణ్ణి పక్కకి తీసుకెళ్ళి, ఇంతసేపూ ఆమె పక్కన ఎవరు కూర్చున్నారని నాకొచ్చిన హిందీలో అడిగాను. అతను చెవి తీగ ఒకటి తీసి, మీరే కదా అన్నాడు. తర్వాత నన్నోసారి కింది నుంచి పైకి చూసి, మీరే అనుకుంటాను అన్నాడు. ఫోనులోంచి తలెత్తని మనిషి సాక్ష్యం ఏ విలేకరీ తీసుకోడు. నేనూ తీసుకోలేదు.

అప్పటికింకా నా లెక్క చెదరలేదు. మందుల మగతలో ఉంది, చూపు సరిగ్గా ఆనదు, మన వైపు మనిషెవడో పక్కన కూర్చుని అప్పా అని పిలిచి ఉంటాడు. మా వైపు ఎవడైనా పెద్దావిణ్ణి అలాగే పిలుస్తాడు. ఓదార్పుగా నాలుగు మాటలు చెప్పి ఉంటాడు. అలా అనుకుని రాయవేలూరు దాకా వెళ్ళాను. ఆ మనిషికి కృతజ్ఞత కంటే, అతను దిగిపోయినందుకు నాకు కలిగిన ఊరటే ఎక్కువ. నా తప్పు బయటపడలేదు.

వేలూరులో ఆపరేషన్ ముందు రోజు పెద్ద డాక్టరు వచ్చారు. తెలుగు తెలిసిన నర్సమ్మ పక్కన నిలబడి ఆయన మాటల్ని అక్కయ్యకి చెప్పబోయింది. ప్రమాదం ఉందన్న సంగతి ఎలా మొదలుపెట్టాలా అని ఆ పిల్ల తడబడుతోంది. నేను గోడ వైపు చూస్తున్నాను. ఇప్పుడిక దాచడానికి లేదు.

అక్కయ్య ఆమె చెయ్యి తట్టింది. "నాకెరికేనమ్మా. సేస్తే బతుకుతానని కాదు, సెయ్యకపోతే బతకనని. బల్ల మీదే పోవొచ్చు కూడాను. మా తమ్ముడు రైల్లో అంతా ఇడమరిసి సెప్పినాడు. నాకు బయం నేదు. కానీయండి."

శ్రీకాకుళంలో తలుపేసిన గదిలో డాక్టరు అన్న మాట అది. ఆ వరసలోనే అంది. ఆ మాట విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు. రైల్లో ఎవడో మంచివాడు కూర్చున్నాడని నేను కట్టుకున్న కథ అక్కడ కూలిపోయింది.

నర్సమ్మ నన్ను చూసి, "మంచి పని చేశారు సార్. చాలామంది ఇంట్లోవాళ్ళు దాచేస్తారు" అంది.

"చెప్పాలి కదమ్మా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

ఆపరేషన్ బాగా జరిగింది. తిరుగు ప్రయాణంలో విశాఖపట్నంలో బండి మళ్ళీ ఆగింది. నేను సీట్లోంచి లేవలేదు. ఇంజన్ మార్చారు. బండి వెనక్కి జారడం మొదలుపెట్టగానే అక్కయ్య కిటికీలోంచి ప్లాట్‌ఫారం చూస్తూ అంది, "ఇదే కదురా వాల్తేరు. ఇక్కడే నువ్వు దిగి మల్లీ ఎక్కొచ్చినాక మారిపోనావు. నీ మొకం సూసి ఒక్క చనం మనయ్యే వొచ్చినాడనుకున్నాను. అలగ కాల్లు నొక్కినావు."

తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించింది. "నాకిచ్చిన మాట మర్సిపోకు. నాను పోనాక సెయ్యాల్సింది."

ఏ మాట అని అడగాలి. అడిగితే ఆ మధ్యాహ్నం ఆమె పక్కన ఉన్నది నేను కాదని తెలిసిపోతుంది. నిజం చెప్పిన తమ్ముడు లేడని తెలిసిపోతుంది. ఆమె కోసమే అడగలేదని అనుకోవాలని ఉంది. కానీ నా పరువు కోసమే అడగలేదని నాకు తెలుసు.

"మర్చిపోను" అన్నాను.

తర్వాత ఆమె ఆరోగ్యంగానే ఉంది. వచ్చిన వాళ్ళందరికీ ఆ రైలు ప్రయాణం గురించి చెప్పేది. నేను పక్కన కూర్చుని తలూపేవాణ్ణి. గజపతినగరం తరచుగా వెళ్ళడం మొదలుపెట్టాను. ఒకరోజు ధైర్యం చేసి, "అప్పా" అని పిలిచాను. నాకే ఎబ్బెట్టుగా వినిపించింది. ఆమె చేట పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"ఆ రోజునాగ రాడం నేదురా నీకు" అని నవ్వింది. "ఫరవానేదు. పిలు."

అప్పటి నుంచీ అలాగే పిలిచాను. కొంచెం కొంచెంగా నోరు తిరిగింది. ఆ రెండేళ్ళలో మేమిద్దరం మాట్లాడుకున్నంత అంతకుముందు ముప్పై ఏళ్ళలో మాట్లాడుకోలేదు. అయినా ఆ ఒక్క సంగతీ అడగలేకపోయాను. అటూ ఇటూ తిప్పి, "నీకేమైనా కోరికలున్నాయా అప్పా" అనేవాణ్ణి. "నీకు సెప్పినాను కదేటి" అనేది. అంతకుమించి ఒక్క మాట వచ్చేది కాదు.

పోయిన వానాకాలంలో నిద్రలోనే పోయింది.

చర్చి వెనక సమాధుల దొడ్డిలో పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టే ముందు, "అమ్మగారి చివరి కోరిక ఏదైనా ఉందా?" అని అడిగారు. అందరూ నా వైపే చూశారు. పక్కింటి సుందరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "నానెంత అడిగినా సెప్పీది కాదండి. రైల్లో మా తమ్ముడికి సెప్పీసినాను, ఆడు సూసుకుంటాడు అనీది. సెప్పండి బాబూ" అంది.

"ఏమీ లేదండి" అన్నాను.

ఆమె కోళ్ళని సుందరమ్మకి ఇచ్చాను. ఆమె బైబిలు ఆమెతోనే పెట్టాను. బావ సమాధికి సున్నం వేయించాను. హాస్టల్లో పిల్లలకి ఆమె పేరు మీద భోజనం పెట్టించాను. ఏది చేసినా, ఇదేనా అనిపిస్తుంది. ఇది కాదేమో అనిపిస్తుంది. పోనీ ఇవన్నీ చేస్తే ఏదో ఒకటి తగులుతుందిలే అని లెక్కలు వేసుకుంటున్నందుకు మళ్ళీ సిగ్గేస్తుంది.

స్టేషన్ మీద వ్యాసం నేను రాయలేదు. అనుబంధం వాళ్ళు రెండు మూడుసార్లు అడిగి ఊరుకున్నారు. నాకు తెలిసినవన్నీ తిరగేసి చూశాను. మగత, మసక చూపు, మంచి మనసున్న ప్రయాణికుడు. అన్నీ కలిపినా తలుపేసిన గదిలోని ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోతున్నాను. ఫోన్లో విన్న ఆ గొంతు ఎవరిదో కూడా చెప్పలేను. మన గొంతు బయటినుంచి ఎలా వినిపిస్తుందో మనకి తెలియదు కదా. రికార్డు చేసుకుని వినొచ్చు. ఆ పని ఇంతవరకూ చెయ్యలేదు.

అప్పకిచ్చిన మాట నిలిచిందో లేదో నాకు తెలియదు. అది ఆమె పక్కన కూర్చుని ఇచ్చినవాడికి తెలుసు. నేను వాల్తేరులో దిగిపోయినవాణ్ణి.